భార్య పేరు అని ఉన్న చోట

ఆదివారం పొద్దున మూడో విడత చాయ్ వడగడుతుండగా ముందు గదిలోంచి తన పేరు వినబడి స్వరూప చెయ్యి ఆగిపోయింది.

"మా స్వరూప రాస్తది. బీఏ సదివింది. దాని రాత సూస్తే అచ్చు గుద్దినట్టుంటది రాజలింగన్నా," అంటున్నాడు సారంగపాణి.

పెళ్లయి ఏడు నెలలు. 'మా స్వరూప' అని ఆయన నలుగురిలో అనడం ఇదే మొదటిసారి. ఆ మాట చెవిన పడగానే ఆమెకు ఒళ్లంతా నవ్వొచ్చింది. చాయ్ గ్లాసులోంచి పొర్లి పళ్లెంలోకి, పళ్లెంలోంచి గట్టు మీదికి కారింది. "పాలు వానలెక్క కురుస్తలేవు కోడలా, జర సూసుకో," అంది అత్త విమలమ్మ. స్వరూప కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వు మింగింది. ఆమెకు ఇలాంటివి చాలు. సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని ఆయన భద్రకాళి చెరువు దాకా తొక్కితే చాలు. మిల్లు నుంచి వచ్చాక ఆయన జుట్టులో చిక్కుకున్న దూది పోగులను ఒక్కొక్కటే ఏరి ఉఫ్ అని ఊదితే చాలు. మిర్చి బజ్జీలు కట్టిచ్చిన పేపరు ముక్కను నూనె మరకల సందుల్లోంచి చదువుకుంటే చాలు, ఆ రోజంతా పండగే. కాకపోతే ఈ మధ్య ప్రతి నవ్వుకూ చివర ఒక జలదరింపు వస్తోంది. మూడో నెల. సంగతి తెలిసిన రోజు ఆయన కిలో యాపిల్ పండ్లు తెచ్చాడు. అత్త దిష్టి తీసింది. మామ కైలాసం దగ్గు ఆపుకుంటూ తల మీద చెయ్యి పెట్టాడు. అందరూ సంబరపడుతుంటే స్వరూప కూడా సంబరపడింది. పక్క గదిలోకి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకుని, చేతులు రెండూ చంకల్లో దాచుకుని ముడుచుకు కూర్చుంది.

చాయ్ గ్లాసులు తీసుకెళ్లేసరికి ముందు గదిలో పది మంది ఉన్నారు. అందరూ సారంగపాణితో కలిసి నూలు మిల్లులో పని చేసేవాళ్లే. ఇన్నాళ్లూ వాళ్ల జీతాల్లోంచి నెలనెలా కొంత కోసుకుని సర్కారు ఆరోగ్య బీమా నడిచేది. దానికి బదులుగా కార్మికుడికీ, కార్డులో పేర్లున్న ఇంటివాళ్లకూ బీమా దవాఖానలో వైద్యం. ఇప్పుడు సర్కారు ఆ లెక్కలు మార్చింది. జీతం పరిమితి దాటి బీమా బయటికి వెళ్లినవాళ్లు కూడా మళ్లీ బీమాలోకి రావాలి, కోత కూడా పెరుగుతుంది. మిల్లు యజమాని మాత్రం, ఇష్టం లేనివాళ్లు మినహాయింపు అడగండి, నేనే ఒక డాక్టర్ను పెడతాను, మందులకని నెలనెలా కొంత చేతికిస్తాను అంటున్నాడు. ఉండేదెవరో, పోయేదెవరో ప్రతి ఒక్కరూ కాగితం మీద రాసివ్వాలి. బుధవారం పొద్దున మొదటి సైరన్‌కు ఆఫీసులో అందాలి. కాగితమేమో ఇంగ్లీషు.

"ఎవని ఇష్టం వానికుండాలెనన్నా," అన్నాడు సారంగపాణి. ఇరవై ఏడేళ్లవాడు, మాట్లాడేటప్పుడు చేతులు గాల్లో ఎగురుతాయి. "దవాఖానకు పోతే పొద్దంత లైన్ల నిలవడుడే. కడుపు నొచ్చినా గదే ఎర్ర మందు, కాలు నొచ్చినా గదే ఎర్ర మందు. కోసుకునుడు మాత్రం ఒక్క నెల తప్పది. కావాలన్నోడు ఉంటడు, వద్దన్నోడు పోతడు. జబర్దస్తీ ఎందుకు?"

యూనియన్ పెద్ద రాజలింగు చాయ్ ఊదుకుంటూ తల అడ్డంగా ఊపాడు. "నీ అసొంటి గట్టోళ్లందరు పోతే మిగిలేది మా అసొంటి ముసలోళ్లు, రోగాలోళ్లు. అప్పుడు గా దవాఖాన ఎన్నొద్దులు నడుస్తదిరా? బాగున్నోడు కడితేనే బాగలేనోనికి అందుతది. రేపు నువ్వే బాగలేనోనివైతవ్."

"నాకేమైతదన్నా? గుండు లెక్కున్న!"

అందరూ నవ్వారు. గౌస్ పాషా మాత్రం గ్లాసు కింద పెట్టాడు. "గుండు లెక్క మా ఆమె గూడ ఉండె, పాణీ భాయ్. పోయినేడు కాన్పుల బిడ్డ అడ్డం తిరిగితే బీమా దవాఖానల కోసి తీసిండ్రు. తల్లి, బిడ్డ ఇద్దరు బతికిండ్రు. ఎర్ర మందు అని నేనూ తిట్టిన. ఇప్పుడు తిట్టబుద్ధి కాదు."

గడప దగ్గర నిలబడ్డ స్వరూపకు ఆ మాటలు గుండెల్లో తగిలాయి. కోసి తీశారు, ఇద్దరూ బతికారు. అలా కూడా జరుగుతుందన్నమాట.

"చెల్లె, గీ కాయితం జర సదివి చెప్పు," అని రాజలింగు మిల్లువాళ్లిచ్చిన నోటీసు అందించాడు. మగవాళ్లంతా మర్యాదగా నేల చూపులు చూస్తుండగా స్వరూప నిలబడే చదివింది, ఒక్కో వాక్యం తెలుగు చేసి చెప్పింది. కాలేజీలో ఎన్నడూ ఇంతమంది ఆమె మాట ఇంత శ్రద్ధగా వినలేదు. గొంతు ఖంగున పలుకుతుంటే లోపల గర్వంగా కూడా ఉంది. ఆరో పేరా దగ్గర ఆగింది. మళ్లీ ఒకసారి చదువుకుంది. "మిల్లు పెట్టే డాక్టరు కార్మికునికి మాత్రమేనట. ఇంట్లోళ్లకు మందుల కోసం నెలకింత చేతికిస్తరట. కాన్పులు, కాన్పుకు సంబంధించిన ఆపరేషన్లు వాళ్ల లెక్కలోకి రావట."

"మంచిదే గదా," అన్నాడు సారంగపాణి. "మన మిల్లుల అందరు మగోళ్లే. మగోళ్లకు కాన్పులైతయా? దానితోని మిల్లుకేం పని?"

గది మొత్తం గొల్లుమంది. అలవాటు కొద్దీ స్వరూప కూడా నవ్వింది. ఆ నవ్వు సగంలోనే ఎండిపోయి పెదాల మీద పొక్కులా మిగిలింది.

పెద్దక్క పోయి ఐదేళ్లు. అప్పుడు స్వరూప ఇంటర్ పరీక్షలు రాసి మరిపెడ అవతల వాళ్ల ఊళ్లో ఉంది. తొలికాన్పుకు పుట్టింటికొచ్చిన అక్క రెండు రోజులు నొప్పులు పడింది. మంత్రసాని చేతులెత్తేశాక మరిపెడ దాకా ఎడ్లబండి. అక్కడ బస్సు లేదు. వరంగల్ మార్కెట్‌కు పోతున్న మిరప బస్తాల లారీని నాయిన రోడ్డుకు అడ్డంపడి ఆపాడు. బస్తాల మీద దుప్పటి పరిచి అక్కను పడుకోబెట్టారు. ఆ ఘాటుకు ముందు అమ్మ తుమ్మింది, తర్వాత నాయిన, తర్వాత స్వరూప. అంత నొప్పిలోనూ అక్క, 'అందరికి ఒక్కసారే జలుబు పట్టిందే' అని నవ్వింది. తొర్రూరు దాటాక చెయ్యి వదిలేసింది. తల స్వరూప ఒళ్లోనే ఉంది. వరంగల్ ఇంకా చాలా దూరం. ఆ సంగతి స్వరూప ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. పెళ్లిచూపుల్లో ఎవరో అడిగితే, 'వాళ్ల అక్క జెరమొచ్చి పోయింది' అన్నాడు నాయిన. అత్తవారింటికి పీడకబుర్లు మోసుకెళ్లకూడదని ఆమెకు ముందే చెప్పి పంపారు. ఎండుమిరపకాయలు దంచాల్సి వచ్చినప్పుడల్లా ఏదో ఒక సాకుతో తప్పించుకుంటుంది. 'సదువుకున్నోళ్లకు రోకలి బరువు' అని అత్త ఎత్తిపొడుస్తుంది. ఆ మాట పడటమే సుఖం.

సోమవారం నుంచి రాత మొదలైంది. సారంగపాణి కాక నలభై ఆరుగురు, ఒక్కొక్కరికి రెండేసి కాగితాలు. పొద్దున నీళ్లు పట్టి, వాకిలి ఊడ్చి, మామకు జావ, ఆయనకు టిఫిన్ డబ్బా, అత్త మోకాళ్లకు కాపడం, బట్టలు, గిన్నెలు అన్నీ అయ్యాక చాప మీద కూర్చుని ఒళ్లో అట్ట పెట్టుకుని రాయాలి. నడుము పీకుతుంది. కూర్చుని కూర్చుని లేవగానే కళ్లు తిరుగుతాయి. "రాసుడే గదా, కూసుండి చేసే పని," అంది విమలమ్మ. షిఫ్టు దిగినవాళ్లు దిగినట్టే వచ్చి వివరాలు చెప్పి పోతున్నారు. అందరూ సారంగపాణి భుజం తట్టి, "నీ పుణ్యాన మా పని అయితాంది పాణీ," అంటున్నారు. ఆయన కూడా, "అదెంత పనన్నా," అంటున్నాడు. వేళ్లకు సిరా అంటిన మనిషి అక్కడే కూర్చుని ఉన్నా ఎవరి కళ్లకూ ఆనడం లేదు. అయినా స్వరూపకు ఆ పని నచ్చింది. కొత్త కలం గరగర, పేర్ల మీద పేర్లు వరస కట్టడం. మొదటి పది కాగితాలదాకా చిన్నపిల్లలా మురిసిపోతూనే రాసింది.

పదకొండో కాగితం ఎల్లస్వామిది. "భార్య పేరు చెప్పుండ్రి మామా," అంది. ఎల్లస్వామి నెత్తి గోక్కున్నాడు. "దాని అసలు పేరా? అందరు పోశవ్వ అంటరు. పెండ్లిల వేరే పేరేదో చదివిండ్రు గద."

"వయసు?"

"బర్రెది అడుగు చెప్త, నాలుగేండ్లు. దీనిది నాకెట్ల ఎరుక బిడ్డా?"

స్వరూప పగలబడి నవ్వింది. ఆయనా నవ్వాడు. తర్వాత కట్టయ్య వచ్చాడు, పెళ్లయి ఏడాది. తల్లి పేరు చెప్పాడు, తండ్రి పేరు చెప్పాడు, పెళ్లికాని చెల్లెలి పేరు చెప్పి లేవబోయాడు.

"అన్నా, వదినె పేరు?"

"ఆమెది ఇప్పుడెందుకు చెల్లె? ఇంక పిల్లలు కాలే. తొలుసూరు తల్లిగారింట్ల అయి వచ్చినంక రాపిస్త. గీత గియ్యి."

స్వరూప గీత గీసింది. ఆ తర్వాత మరో కొత్త పెళ్లికొడుకు, మరో గీత. సాయంత్రానికి ఆరు గీతలు. ఆరుగురూ ఒకటే మాట. తొలికాన్పు పుట్టింటి బాధ్యత. ఆ కాన్పు కాకముందే కోడలి పేరు అత్తింటి దవాఖాన కార్డులో ఎక్కితే పుట్టింటివాళ్లకు చేతకాదని చాటినట్టు. పైగా పురుడుకు ముందే దవాఖాన పేరెత్తడం అపశకునం. ఎప్పుడు ఎవరు మొదలుపెట్టారో గానీ మిల్లు వాడకట్టంతా అదే నడుస్తోంది. రెండో కాన్పు నుంచి కార్డు కోడలికి అక్కరకొస్తుంది. మొదటిదానిలో బతికి బయటపడితే.

ఆ ఆలోచన రాగానే స్వరూప కలం పక్కన పెట్టి లేచింది. అలమారలో రేకు డబ్బా తీసి సారంగపాణి బీమా కార్డు వెతికింది. పెళ్లయిన మరుసటి నెలలోనే కొత్తగా రాయించుకున్న కార్డు. తండ్రి కైలాసం. తల్లి విమలమ్మ. భార్య అని ఉన్న చోట నల్ల సిరాతో గీత, స్కేలు పెట్టి గీసినంత నీటుగా. కింద తేదీ. ఆ తేదీ ఆమెకు బాగా గుర్తు. ఆ సాయంత్రమే ఆయన రెండు మూరల మల్లెపూలు తెచ్చి, 'కండ్లు మూసుకో' అని జడలో పెట్టాడు. ఆ పూలు వాడినా పారెయ్యలేక రెండు రోజులు దిండు కింద దాచుకుంది. అదే రోజు మధ్యాహ్నం ఆఫీసులో ఎవరో, 'భార్య?' అని అడిగి ఉంటారు. ఈయన, 'గీత గియ్యి సార్' అని ఉంటాడు. అబద్ధమాడాలని కాదు, మోసం చేయాలని కాదు. కట్టయ్య చెప్పినంత మామూలుగా, చెమట తుడుచుకుంటూ చెప్పి ఉంటాడు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది. కోపంలో కొట్టేసిన పేరైతే కోపం తగ్గాక మళ్లీ రాస్తారు. ప్రేమగా చూసుకుంటూ గీసిన గీతను ఎవరు చెరుపుతారు? నాయినది ఇంట్లో మగ్గం. మగ్గానికి బీమా లేదు, కార్డు లేదు. అక్కడ ఆమె పెళ్లి చేసి పంపిన పిల్ల, ఇక్కడ కాన్పుకు పంపాల్సిన పిల్ల. రెండు మైళ్ల దూరంలో ఆపరేషన్ గది ఉన్న దవాఖాన ఉంది. ఆ దవాఖానను వదిలిపెట్టి ఏడో నెలలో గాజులు తొడిగి, ఒడి నింపి, తొర్రూరు మీదుగా పోయే బస్సెక్కిస్తారు. తిరిగి అదే తోవలో ఏ బస్తాల మీద వస్తుందో.

అన్నం తినేటప్పుడు, కార్డులో తన పేరు రాయించడం మర్చిపోయారా అని అడిగింది. సారంగపాణి పప్పు కలుపుకుంటూ, "మర్చిపోలేదే. అమ్మనే వద్దన్నది," అన్నాడు. "తొలికాన్పు తల్లిగారిది గద. మీ నాయినకు నామోషి కాదా?"

"మా ఊళ్లె డాక్టర్ లేడు."

"మీ అమ్మ నిన్ను ఆడ్నే కనలేదా?"

"అక్క..."

"కడుపుతోని ఉన్నప్పుడు గసొంటి ముచ్చట్లు తియ్యకు," అని విమలమ్మ అడ్డుపడింది. "ఎవలి తలరాత వాళ్లది. మేం కనలేదా? నేను నలుగుర్ని కన్న, ఇద్దరు దక్కిండ్రు. దవాఖాన మొకం చూసిన్నా?"

ఆ లెక్కలో పోయిన ఇద్దరి మాట చెప్పేటప్పుడు అత్త ముఖం ఎలా ఉందో చూడటానికి స్వరూప తలెత్తింది. విమలమ్మ అప్పటికే చారు గిన్నె మీద మూత పెడుతోంది. మూత రెండుసార్లు జారింది.

"నా కాయితం గూడ రాసెయ్యి," అన్నాడు సారంగపాణి చేయి కడుక్కుంటూ. "మినహాయింపు కావాలె కాడ టిక్కు. భార్య కాడ గీత. ఫికర్ చెయ్యకు, మిల్లు పైసలు వస్తే నీకు ఒక రేడియో కొంట." రేడియో అనగానే ఆమె మనసు ఒక్క క్షణం పిచ్చిగా ఎగిరింది. పాటలు పెట్టుకుని కూర తరుగుతున్నట్టు కనబడింది కూడా. ఎగిరిన మనసును తానే గుర్తుపట్టి భయపడింది. తనను ఎంత సులువుగా బుజ్జగించొచ్చో తెలిసింది.

మంగళవారం సాయంత్రానికి ముప్పై అయ్యాయి. ముందు గదిలో మిగతా పదహారు మంది కూర్చున్నారు, సంతకాలు పెట్టాల్సిన కట్టయ్యలాంటివాళ్లూ ఉన్నారు, పొద్దున సైరన్‌లోపు అందరివీ కావాలి. రాజలింగుకు ఇంగ్లీషు రాదు, సారంగపాణికి సంతకం తప్ప రాయడం రాదు. స్వరూప వంటగదిలోకి వెళ్లి నీళ్లు తాగింది. ఒళ్లో అట్ట పెట్టుకుని మొగుడి కాగితం రాసింది. అక్షరం వంకర పోకుండా ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుంది. రాయడం అయ్యాక ఆయన్ను లోపలికి పిలిచింది.

సారంగపాణి దీపం వెలుగులో కాగితం చూశాడు. ఇంగ్లీషు రాకపోయినా టిక్కు ఎక్కడుందో తెలుస్తుంది, గీత లేనిదీ తెలుస్తుంది.

"ఇదేంది?"

"సర్కారు బీమాలనే ఉంటమని. భార్య స్వరూప, ఇరవై రెండేండ్లు అని."

"నేను చెప్పిందేంది, నువ్వు రాసిందేంది? మార్చు."

"మార్చ. దీని మీద మీరు సంతకం పెట్టినంకనే మిగతా పదహారు రాస్త."

ఆయనకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ముఖం ఎర్రబడింది. "అందరు బయట కూసున్నరు. నా ఇజ్జత్ తీస్తానవా? నన్నే బెదిరిస్తానవా?"

"బెదిరిస్తలేను. నాకే భయమైతాంది." ఆమె గొంతు చాలా చిన్నగా వచ్చింది. ఒకసారి వచ్చాక ఆగలేదు. "మా అక్కకు జెరం రాలే. తొలికాన్పుకు వచ్చి, మిరపకాయల లారీల నా ఒళ్లె తలకాయ పెట్టి సచ్చిపోయింది. మా నాయిన అబద్ధం చెప్పిండు. నేను గూడ చెప్పలే. నేను ఆ తొవ్వల పోను. మా అమ్మను ఇక్కడికి పిలుస్త, నామోషి అయితే నాకే కానీయిండ్రి. కాన్పు మాత్రం దవాఖానల్నే."

"మొగనికే కరార్లు పెడుతున్నవా?" అంది విమలమ్మ గుమ్మంలోంచి. ఎప్పుడొచ్చిందో, ఎంత విన్నదో తెలియదు. తిట్టడానికే వచ్చినట్టుంది గానీ గుమ్మం పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

బయటి నుంచి రాజలింగు కేకేశాడు. "పాణీ, చెల్లె అలిసినట్టుంది, ఇంకెన్ని మిగిలినయిరా?"

సారంగపాణి భార్య వంక చూశాడు. ఏడు నెలల్లో ఎన్నో రకాలుగా చూశాడు, ఇలా ఎన్నడూ చూడలేదు, ఎవరో తెలియని మనిషిని చూసినట్టు. స్వరూపకు ఆ చూపుకూ భయమేసింది. ఇక సైకిల్ కడ్డీ ఉండదేమో, మల్లెపూలు ఉండవేమో, 'మా స్వరూప' అనే మాట చాలాకాలం వినబడదేమో. అయినా కలం ఆయన వైపు చాపి అలాగే ఉంచింది.

ఆయన కలం లాక్కుని సంతకం చేశాడు. ఎంత గట్టిగా నొక్కాడంటే పాళీ కాగితాన్ని చీల్చి కింది అట్ట మీద గీరుకుంది. పెరట్లోకి వెళ్లిపోయాడు. బకెట్ తన్నిన చప్పుడైంది. విమలమ్మ వచ్చి, చిరిగిన చోట వేలితో ఒకసారి నిమిరి, "ఇది పనికొస్తదా?" అని అడిగింది. పనికొస్తుందని స్వరూప చెప్పింది.

ఆమె ఆ కాగితాన్ని అన్నిటికన్నా పైన పెట్టుకుని ముందు గదిలోకి వచ్చింది, గోడకు ఆనుకుని కూర్చుంది. ముందు నిన్న గీతలు గీసిన ఆరు కాగితాలు తీసి కట్టయ్యను పిలిచింది. అతను వచ్చి చాప అంచున కూర్చుని, "నాది అయిపోయింది గద చెల్లె?" అన్నాడు.

"కాలేదన్నా," అంది స్వరూప గీత గీసిన చోట వేలు పెట్టి. "వదినె పేరు చెప్పు."